తిరుపతిలో మారియో వేషం కుట్టించుకున్నాను: నాటకాల డ్రెస్సుల షాపు ఎలా ఉందంటే

నాలుగేళ్లుగా తిరుపతిలో పుట్టినరోజు ఫంక్షన్లకు, స్కూలు వార్షికోత్సవాలకు బొమ్మ వేషాలు వేస్తున్నాను. కుందేలు, ఎలుగుబంటి, పాండా అన్నీ అయ్యాయి. ఈ ఏడాది మే నెలలో మొదటిసారి ట్రేడ్ షో పని వచ్చింది. కంప్యూటర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు, గేమింగ్ సామాన్లు అమ్మే డీలర్లు కలిసి తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో మూడు రోజులు పెట్టుకున్న ప్రదర్శన అది. గేమింగ్ స్టాల్ వాళ్లకు మారియో కావాలట, అంటే వీడియో గేముల్లో ఎగురుతూ పోయే టోపీ, మీసాల బొమ్మ. రోజుకు మూడు వేలు ఇస్తామన్నారు, డ్రెస్సు మాత్రం నేనే తెచ్చుకోవాలి, దానికి ఐదు వేలు విడిగా ఇస్తామన్నారు. ఆ డ్రెస్సు నేను ఎక్కడ చేయించుకున్నానో, ఎలా వచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో రాస్తున్నాను. ఈ పని చేసే ఆడపిల్లలు మన ఊళ్లో ఇంకొందరు ఉన్నారు. వాళ్లకు పనికొస్తుంది.

మొదట ఒక పాత సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద వేరే ఊరి అద్దె షాపు నుంచి కొరియర్‌లో ఒక బొమ్మ తల తెప్పించాను. పెట్టె తెరవగానే ముందు వేసుకున్నవాళ్ల చెమట వాసన గుప్పుమంది. తల నాలుగు కిలోల పైనే ఉంది. చూపుకు రెండు కళ్ల దగ్గర చిన్న చిల్లులు. అవి నా కళ్లకంటే రెండు అంగుళాలు పైకి ఉన్నాయి. చిత్తూరులో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో స్టేజి మెట్టు కనపడక పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. నా ముందు నిలబడిన పాప మీద పడలేదు, అదే చాలు. ఆ రోజు నుంచి లోపలి నుంచి సరిగ్గా కనపడని తల పెట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను.

అందుకే ఈసారి అద్దె వద్దనుకున్నాను. ఎవరిని అడిగినా ఫ్యాన్సీ డ్రెస్ షాపులే చెప్పారు. అక్కడ స్కూలు పిల్లల సైజులు తప్ప ఉండవు. చివరికి మా వీధిలో పూలు కట్టే అక్క చెప్పింది, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో నాటకాలకు డ్రెస్సులు ఇచ్చే షాపు ఒకటుందని. బోర్డు లేదు. గుమ్మానికి ఒక గద, పాత కిరీటం వేలాడుతూ ఉంటాయి. అవే గుర్తు. లోపల గోడ పొడవునా తేలిక చెక్క మీద అద్దాలు అతికించిన భుజకీర్తులు, జడ నాగరాలు, మూటలు కట్టిన పాత జరీ బట్టలు. కుట్టు మిషన్లు మూడు. నడిపేది అరవై దాటిన పెద్దాయన, ఆయన భార్య, వాళ్ల కొడుకు.

మారియో బొమ్మ ఫోన్‌లో చూపించి "ఇది కుడతారా పెదనాయనా" అన్నాను. ఆయన బొమ్మ కేసి ఎక్కువసేపు చూడలేదు. నన్ను చూసి అడిగాడు:

"ఒక్క విడతలో ఎంతసేపు లోపల ఉండాల పాపా?"

ఇరవై నిమిషాలు వేసుకుని, అరగంట తీసేసి, అలా రోజుకు ఎనిమిది విడతలు అని చెప్పాను. నేను పెట్టుకున్న లెక్క అది, స్టాల్ వాళ్లతో ముందే మాట్లాడుకున్నాను.

"నీళ్లు తాగాలంటే ఎట్లా? తల తీసేదానికి పక్కన మనిషి ఉంటారా? బాత్రూంకు పోవాలంటే?"

ఇన్నేళ్లలో నాకు డ్రెస్సు ఇచ్చిన ఏ ఒక్కరూ ఈ మూడు ప్రశ్నలు అడగలేదు. స్టాల్ వాళ్లు కూడా అడగలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, వాళ్ల నాన్న కాలం నుంచి భారతం ఆటకు డ్రెస్సులు ఇస్తున్నారట. చిత్తూరు వైపు పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు, ధర్మరాజుల గుళ్లలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. "దుర్యోధనుడు రాత్రి కిరీటం పెట్టినాడంటే తెల్లారేదాకా దించేది లేదు. బరువుగా ఉంటే వాడు పద్యం ఎట్లా పాడతాడు?" అన్నాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

కొలతలు ఆయన తీసుకోలేదు. భార్యను పిలిచాడు. ఆమె నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి, నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి, చేతులు పైకెత్తి ఒకసారి కొలిచింది. ఆదికి నేను తెచ్చిన చుడీదార్ పక్కన పెట్టేసింది. "ఇది నడిచేదానికి కుట్టింది, ఎగిరేదానికి కాదు" అంది. మారియో అంటే ఎగరడమే కదా. పిల్లాడి ఎత్తుకు కిందికి వంగాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, లేవాలి. తొడల మధ్య అదనంగా ఒక బట్ట ముక్క వేసి కుట్టింది ఆమె. మూడు రోజుల్లో ఎన్నిసార్లు ఎగిరానో లెక్క లేదు. ఒక్క కుట్టు వీడలేదు.

రంగు దగ్గర మాకు చిన్న వాదన నడిచింది. నేను ఎర్ర చొక్కా, నీలం ప్యాంటు అన్నాను. పట్టీలు భుజాల మీదుగా వచ్చే ఆ ప్యాంటుకు ముందు రెండు పసుపు గుండీలు. పెద్దాయన కొడుకు మధ్యలో వచ్చి, "కాదక్కా, ప్యాంటు ఎరుపే. చిన్నప్పుడు క్యాసెట్ పెట్టి టీవీలో ఆడినాము, నాకు బాగా తెలుసు" అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో ప్యాంటు ఎరుపే, చొక్కా గోధుమ రంగులో ఉంటుంది. అంతకుముందు 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో మారియో మొదటిసారి కనపడ్డప్పుడు కూడా ఎర్ర ప్యాంటే, చొక్కా నీలం. ఆ ఆటలో అతన్ని జంప్‌మ్యాన్ అనేవాళ్లు. ఇప్పటి పిల్లలకు తెలిసింది మాత్రం ఎర్ర చొక్కా, నీలం ప్యాంటు మారియో. ఆ సంగతి అతనికి చెప్తే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, "మా వయసు వాళ్లు వస్తే పాతది అడుగుతారు చూడండి" అన్నాడు. అతని మాట నిజమే అయింది, ముందుకు చెప్తాను.

రంగుల గురించి మాట్లాడుతున్నప్పుడు మారియోను గీసిన జపాను ఆయన షిగేరు మియమోటో సంగతి వాళ్లకు చెప్పాను. అప్పటి తెర మీద చుక్కలు చాలా తక్కువ. అంత తక్కువ చుక్కల్లో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టాడు. నోరు గీసే పని లేకుండా, ముక్కు విడిగా తెలిసేలా మీసం పెట్టాడు. చేతులు ఊగడం కనపడాలని చొక్కాకు ఒక రంగు, పైన పట్టీల ప్యాంటుకు ఇంకో రంగు వేశాడు. పెద్దాయన చేస్తున్న పని ఆపి విన్నాడు. "మేము చేసేదీ అదే కదా! ఆఖరి వరసలో కూర్చున్న ముసలామెకు చీకట్లో కూడా వీడు భీముడు, వాడు దుశ్శాసనుడు అని తెలియాల" అన్నాడు. ఆ తర్వాతే నేను అడిగిన శాటిన్ వద్దన్నాడు. శాటిన్ లైట్ల కింద అంతా ఒకటే మెరుపుగా ఉంటుందట, చెయ్యేదో పొట్టేదో తెలియదట, పైగా చెమట పీల్చదు. చొక్కాకు మామూలు కాటన్, ప్యాంటుకు మందం తక్కువ ఉన్న డ్రిల్ బట్ట వేశాడు. ప్రదర్శనలో స్టాల్ వాళ్లు తీసిన వీడియో చూస్తే హాలు చివరి నుంచి కూడా నా చెయ్యి ఊగడం తెలుస్తోంది.

ఇక తల గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది తలే. మందపాటి స్పాంజితో చేస్తే లోపల ఊపిరాడదు. ఈయన సన్నటి వెదురు బద్దలతో గంప లాంటి చట్రం అల్లి, దాని మీద పలుచటి ఫోమ్ షీటు, పైన బట్ట అతికించాడు. లోపల సైకిల్ హెల్మెట్‌లో ఉండే లాంటి పట్టీ. తల నా నెత్తి మీద కూర్చుంటుంది కానీ ముఖానికి తగలదు. కిలోన్నర కూడా లేదు. టోపీ కింద వెనక వైపు చిన్న ఫ్యాన్ పెట్టడానికి చోటు వదిలాడు. పవర్ బ్యాంకు నడుము దగ్గర జేబులో పెట్టుకుని, వైరు మెడ వెనక నుంచి పైకి తీసుకున్నాను.

చూపు ఎక్కడి నుంచి అంటే, మీసం కింద నుంచి. బొమ్మ కళ్లు పెద్దగా పైన ఉంటాయి, అవి పూర్తిగా మూసేశాడు. మీసం కింద నోరు ఉండాల్సిన చోట నల్లటి నెట్ బట్ట, నా కళ్లకు సరిగ్గా ఎదురుగా. బయటివాళ్లకు అది మీసం నీడలా కనపడుతుంది. నాకు మాత్రం ముందున్న పిల్లాడి ముఖం, నేల మీద వైర్లు, మెట్లు అన్నీ కనపడ్డాయి. మొదటిసారి పెట్టుకుని షాపు గుమ్మం దాటి సందులోకి నడిచి చూశాను. పక్కన మురుగు కాలువ అంచు కూడా కనపడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిత్తూరులో పడ్డ రోజు గుర్తొచ్చింది.

పొట్టకు దూది నింపలేదు. వెదురు బద్దల వలయం రెండు పట్టీలతో భుజాలకు వేలాడుతుంది, దాని మీద వల గుడ్డ. గాలి కింద నుంచి పైకి వస్తుంది. పసుపు గుండీలు అలంకారమే, వాటి వెనక వెల్క్రో. పట్టీలు రెండు సెకన్లలో ఊడొస్తాయి. ఆడవాళ్లకు ఈ డ్రెస్సులో బాత్రూంకు వెళ్లడం ఎంత కష్టమో వేసుకున్నవాళ్లకే తెలుసు. రోజంతా నీళ్లు తాగకుండా గడిపి సాయంత్రానికి తలనొప్పితో పడుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ఈ వెల్క్రో ఆలోచన పెద్దాయన భార్యది.

ఇప్పుడు లోపాలు. బుధవారం ఇస్తామని, శుక్రవారం రాత్రి పదిన్నరకు ఇచ్చారు. శనివారం పొద్దున పదింటికి ప్రదర్శన మొదలు. ఆ రెండు రోజులు నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కారణం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. అది మా ఊరి గ్రామదేవత గంగమ్మ జాతర వారం. ఆడవాళ్లను వేధించి, తనకు భయపడి దాక్కున్న పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషంలో తిరిగిందని కథ. అందుకే జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గుడికి వెళ్తారు. ఆ వారం ఆ షాపులో కాలు పెట్టే చోటు ఉండదు. నేను గురువారం వెళ్లి కూర్చుంటే నా చుట్టూ పదిమంది మగవాళ్లు సవరాలకు, గాజులకు, వడ్డాణాలకు బేరం చేస్తున్నారు. మధ్యలో నా మారియో తల సగం మీసంతో బల్ల మీద ఉంది. ఒకాయన దాన్ని చూసి "ఇది ఏ రోజు వేషమప్పా" అని నిజంగానే అడిగాడు. పెద్దాయన "ఇది జపాను వేషం, ఈ పాప కడతాది" అన్నాడు. మగవాళ్లు చీరలు తీసుకెళ్తున్న చోట మీసం తీసుకెళ్లడానికి కూర్చున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్ను ఎవరూ వింతగా చూడలేదు. తిరుపతిలో వేషం కట్టడం అంటే ఉన్న గౌరవం నాకు ఆ రోజు ఇంకా బాగా తెలిసింది. అయినా సరే, జాతర రోజుల్లో మీకు డ్రెస్సు కావాలంటే నెల ముందే ఇవ్వండి. మాట ఇచ్చిన రోజుకు ఇవ్వలేనప్పుడు వాళ్లు ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు.

రెండోది, ఎర్ర చొక్కా రంగు దిగింది. బట్టను ముందుగా నీళ్లలో నానబెట్టి ఉతకలేదు. మొదటి రోజు మధ్యాహ్నానికే చెమటకు తెల్ల గ్లౌజుల అంచులు గులాబీ రంగుకు మారాయి. మారియో అంటే తెల్ల గ్లౌజులే, ఫోటోల్లో ముందు అవే కనపడతాయి. ఆ సాయంత్రం కొత్త జత కొనుక్కున్నాను. తర్వాత చెప్తే పెద్దాయన తప్పు ఒప్పుకుని గ్లౌజుల డబ్బు తిరిగి ఇచ్చాడు. మూడోది బూట్లు. చెప్పుల మీద ఫోమ్ అతికించి ఇచ్చారు, రెండో విడతకే అడుగు ఊడింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్లు వేయించుకుని నడిపించాను. బూట్లు మాత్రం అక్కడ చేయించుకోవద్దు. ఇంకోటి, వాళ్లు బిల్లు ఇవ్వరు, నోటుపుస్తకంలో రాసుకుంటారు. స్టాల్ వాళ్లు ఐదు వేలకు బిల్లు అడిగారు, దానికి నేను రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ప్రదర్శన ఎలా జరిగిందో కూడా చెప్తేనే డ్రెస్సు విలువ తెలుస్తుంది. పుట్టినరోజు ఫంక్షన్ వేరు, ట్రేడ్ షో వేరు. ఫంక్షన్‌లో పిల్లలే వచ్చి మీద పడతారు. ఇక్కడ వచ్చేది శ్రీకాళహస్తి, పుత్తూరు, మదనపల్లె, నెల్లూరు నుంచి బేరానికి వచ్చిన డీలర్లు. చేతిలో కొటేషన్ కాగితాలు, చెవిలో ఫోన్. వాళ్ల దారికి అడ్డం నిలబడకూడదు. స్టాల్ వైపు కళ్లు తిప్పించాలి, అంతే. మొదటి గంట ఎవరూ పట్టించుకోలేదు. నేను దూరంగా ఒక ఖాళీ చోట నిలబడి, కుడి పిడికిలి పైకెత్తి ఎగిరాను. ఆటలో మారియో పైన ఇటుక పగలగొట్టినట్టు. ఒకాయన ఆగాడు. నలభై ఏళ్లు పైన ఉంటాయి, మదనపల్లెలో షాపట. ఫోన్ జేబులో పెట్టేసి నా పక్కకు వచ్చి తానూ పిడికిలి ఎత్తి ఎగిరాడు. ఎండాకాలం సెలవుల్లో తమ్ముడితో ఆడేవాడినని, క్యాసెట్‌ను నోటితో ఊది పెట్టేవాళ్లమని చెప్పాడు. ఆపైన ప్యాంటు వైపు చూపించి "ఎరుపు కదా ఉండాల్సింది?" అన్నాడు. షాపులో కొడుకు చెప్పిన మాటే! ఆ తర్వాత అలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో. మొత్తం మీద ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లే పిల్లల కంటే ఎక్కువగా ఫోటోలు దిగారు.

నేను మాట్లాడను. తల పెట్టుకున్నాక మాట్లాడకపోవడం నా నియమం. అయితే ఈ పని ఒప్పుకున్నాక చదివిన ఒక విషయం నాకు చాలా ధైర్యం ఇచ్చింది. మారియోకు గొంతు ఇచ్చిన చార్ల్స్ మార్టినెట్, 1996లో వచ్చిన మారియో 64 ఆట కంటే ముందు, ట్రేడ్ షోలలోనే ఆ పని మొదలుపెట్టాడు. తెర మీద మారియో ముఖం కదులుతుంటే, ఆయన తెర వెనక నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు. 2023 దాకా ఆ గొంతు ఆయనదే. అంటే మనం వినే మారియోకు మూలం ఇలాంటి ఒక ప్రదర్శన హాలే. మూడో విడత తర్వాత కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతూ ఆ సంగతి తలచుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఒక పాప వచ్చింది, ఆరేళ్లు ఉంటాయేమో. నన్ను చూసి వాళ్ల నాన్న కాళ్ల వెనక దాక్కుంది. నెట్ బట్టలోంచి ఆ పాప కళ్లు నాకు స్పష్టంగా కనపడుతున్నాయి, భయపడుతోందని తెలిసింది. పాత తల అయితే నాకు ఆ పాప ఉన్నట్టే తెలిసేది కాదు, మీదికి నడిచేదాన్ని. ఆగిపోయి, రెండడుగులు వెనక్కి వేసి, మోకాళ్ల మీద కూర్చుని, గ్లౌజు చెయ్యి నేల మీద ఆనించాను. ఐదు నిమిషాలు అలాగే ఉన్నాను. పాప వచ్చి నా వేలు పట్టుకుంది. వాళ్ల నాన్న డీలర్ కాదు, హాలులో కరెంటు పని చేసే మనిషి.

బయట నలభై డిగ్రీల ఎండ. హాలులో ఏసీ లేదు, కూలర్లే. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు. ఇరవై నిమిషాల నియమం, తడి తువ్వాలు, ఓఆర్ఎస్ ఎంత కారణమో, ఆ వెదురు తల అంత కారణం.

ఖర్చు మొత్తం పదకొండు వేల ఐదు వందలు. తలకు ఐదు వేలు, బట్టలకు, కుట్టుకూలికి నాలుగున్నర వేలు, పొట్టకు, టోపీకి, మీసానికి రెండు వేలు. నాలుగు వేలు అడ్వాన్సు. అద్దెతో పోలిస్తే ఎక్కువే. కానీ డ్రెస్సు నాది, ఇంకెవరి చెమటా అందులో లేదు, తల లోపలి పట్టీ ఊడదీసి ఉతుక్కోవచ్చు. ఆ తర్వాత ఇప్పటికే మూడు పుట్టినరోజులకు వేశాను. అద్దెకు కూడా ఇస్తారు కానీ అద్దెకు ఉన్నవి పౌరాణికాలే. ఇలాంటివి కావాలంటే కుట్టించుకోవాల్సిందే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మూసి ఉంటుంది, సాయంత్రం వెళ్లండి.

పోయిన వారం మళ్లీ వెళ్లాను. మారియో తమ్ముడు లూయిజీ వేషం కావాలి, నా చెల్లెలికి. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ, మనిషి కొంచెం పొడుగు. ఈసారి కాటన్ బట్టను మూడుసార్లు నీళ్లలో నానబెట్టి ఉతుకుతామని పెద్దాయన భార్య ముందే చెప్పింది. పెద్దాయన బొమ్మ చూసి, నోటుపుస్తకం తెరిచి, రాసే ముందు అడిగాడు:

"చెల్లెలు కళ్లద్దాలు పెడతాదా పాపా?"

పెట్టుకుంటుంది. నాకు చెప్పాలని తట్టనే లేదు.